యాకోబు సెట్టింగ్ ఇంకా కాలేదు

తాండూరులో యాకోబు గిటారు వాయించగా విన్నవాళ్లకంటే, వాయించబోతుండగా చూసినవాళ్లే ఎక్కువ. ఊరంతా అతనికి గిటారు పిచ్చి అంటుంది గానీ అది నిజం కాదు. అతనిది గిటారు పక్కనుండే పెట్టె పిచ్చి. ఆ పెట్టె మీది నాబ్‌ను ఒక వెంట్రుకవాసి అటు తిప్పుతాడు, తీగ మీటుతాడు, తల అడ్డంగా ఊపుతాడు. మళ్లీ ఒక వెంట్రుకవాసి ఇటు తిప్పుతాడు. ఎదురుచూస్తున్న జనం వైపు చెయ్యెత్తి "జర ఆగుండ్రి" అంటాడు. ఆ మాట అన్నాక ఆగడమే మన వంతు. ఎంతసేపు అన్నది అతని చేతిలో కూడా ఉండదు.

జ్యోతిరాణి ఆ మాట ఎన్నిసార్లు విన్నదో లెక్క లేదు. ఆమె పెద్దేముల్‌లో లెక్కల టీచరు. ఆమే లెక్క లేదంటే ఇక నిజంగానే లేదన్నమాట. పదేళ్లకు పైగా తాండూరు చర్చిలో ముందు నిలబడి పాడేది ఆమె, పక్కన పెట్టెతో కుస్తీ పట్టేది అతను. ఆమెకు నలభై ఏడు, అతనికి ముప్పై ఎనిమిది. చుట్టరికం ఏమీ లేకపోయినా అక్కా అని పిలుస్తాడు. ఆమె మాత్రం అతను "జర ఆగుండ్రి" అన్నప్పుడల్లా ఒక్కదాన్నే పుట్టించినందుకు అమ్మకు మనసులో దండం పెట్టుకునేది. నిజానికి ఆమెకొక తమ్ముడున్నాడు, కానీ వాడు నాబ్‌లు తిప్పడు కాబట్టి లెక్కలోకి రాడు.

యాకోబు బతుకుదెరువు బండల పాలిష్ ఫ్యాక్టరీలో. గనుల నుంచి లారీల మీద వచ్చిన నాపరాళ్లను మిషన్ కింద పెట్టి నునుపు చేయడం అతని పని. మిషన్ ఎక్కించే ముందు ప్రతి బండనూ వేలి కణుపుతో కొట్టి చూస్తాడు. ఖంగుమంటే మంచి బండ. దబ్బుమంటే లోపల పగులుంది. ఈ రెండూ ఎవరికైనా తెలుస్తాయి. కానీ ఖంగుమంటూనే చివర్లో సన్నగా జీర వచ్చే బండ ఒకటుంటుంది. దాని పగులు కంటికి కనిపించదు. దాన్ని పట్టగలిగేవాడు ఆ ఫ్యాక్టరీలో యాకోబు ఒక్కడే. సేటు అతనికి ఎన్ని ఆలస్యాలైనా మాఫీ చేసేది ఆ ఒక్క గుణానికే. పాడు గుణం ఏమిటంటే, ఫ్యాక్టరీ నుంచి ఇంటికి వచ్చేటప్పుడు ఆ చెవులను అక్కడే వదిలి రావడం అతనికి చేతకాదు.

మూడేళ్ల కింద హైదరాబాద్ నుంచి, గిటారు శబ్దాన్ని పెంచి వినిపించే మాడలింగ్ ఆంప్ ఒకటి కొనుక్కొచ్చాడు. చూడ్డానికి అదొక మామూలు నల్ల పెట్టె. కానీ పగటివేషగాడు ఒక పూట రాముడై, మరో పూట రాక్షసుడైనట్టు, ఈ పెట్టె కూడా పాతకాలపు గొప్ప గొప్ప ఆంపుల గొంతులన్నీ అనుకరిస్తుంది. అలాంటి వేషాలు నలభై ఉన్నాయి దాంట్లో. నలభై వేషాలు, ఒక్కో వేషానికి ఆరు నాబ్‌లు. యాకోబు లాంటివాడి చేతికి అలాంటి వస్తువు ఇవ్వడమంటే కోతికి కొబ్బరికాయ ఇవ్వడమే.

ఇంతకూ ఆ నలభైలో అతనికి కావలసిన శబ్దం ఒక్కటే. గెయిన్ అనే నాబ్ ఒకటుంది. అది పెంచితే శబ్దం పగులుతుంది, తగ్గిస్తే తేటపడుతుంది. బాగా పెంచి గరగరలాడిస్తే కుర్రకారు ఈలలు వేస్తారు. పూర్తిగా తగ్గిస్తే పెద్దలు మెచ్చుకుంటారు. యాకోబుకు ఈ రెండూ వద్దు. మెల్లగా మీటితే తేటగా ఉండాలి, గట్టిగా మీటితే అంచు మాత్రం పగలాలి. పగిలినట్టు తెలియకూడదు, పగల్లేదని కూడా అనకూడదు. ప్యాడ్ మీద తాళం వేసే చంద్రకాంత్ ఇదంతా విని, అర్థమైందన్నా, నీకు కావలసింది పెండ్లాం కోపం, అన్నాడు. ఉన్నట్టా లేనట్టా తెలియకుండా ఉండేది ప్రపంచంలో అదొక్కటేనట.

యాలాల్‌లో ఒక పెండ్లికి వీళ్ల బృందాన్ని పిలిచారు. పెండ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టు యాకోబు తన పెట్టెను ఎత్తుకొచ్చాడు. పెండ్లికూతురు లోపలికి నడిచే సమయానికి అందరూ లేచి నిలబడ్డారు. యాకోబు చెయ్యెత్తాడు. పెండ్లికూతురు గుమ్మంలో ఆగింది. పాస్టరుగారు దగ్గారు. ఈలోగా కరెంటు ఒకసారి పోయి వచ్చింది, సెట్టింగ్ మళ్లీ మొదటికొచ్చింది. ఆఖరికి వాళ్ల నాయన బిడ్డ చెయ్యి పట్టుకుని పాట లేకుండానే నడిపించుకొచ్చాడు. ప్రమాణాలు అయ్యాయి, ఉంగరాలు అయ్యాయి, ప్రసంగం అయ్యింది. పెండ్లికూతురు నడిచి రావలసిన పాట మొదలయ్యేసరికి ఆమె విస్తరి ముందు కూర్చుని రెండోసారి బగార అన్నం పెట్టించుకుంటోంది. పాట మాత్రం బ్రహ్మాండంగా వచ్చిందని వడ్డించేవాళ్లంతా ఒప్పుకున్నారు.

ఇంట్లో అతని భార్య అంజలి అవస్థ వేరు. అన్నం ముందు కూర్చోబెట్టి, ఇది మొదటిది, ఇది రెండోది, ఏది బాగుందో చెప్పమని రెండుసార్లు మీటేవాడు. ఆమెకు రెండూ ఒక్కటే. ఆ మాట నిజాయితీగా చెప్పిన రోజు చెవిటివాని ముందు శంఖం ఊదాను అని అతను అన్నం మానేశాడు. మర్నాటి నుంచి ఆమె తెలివి తెచ్చుకుని, ఒకరోజు మొదటిది, ఒకరోజు రెండోది అని వరసగా చెప్పడం మొదలుపెట్టింది. సంసారం సాఫీగా సాగింది. ఒకసారి దుమ్ము తుడుస్తూ నాబ్‌లు కదిపేసినందుకు అతను మూడు రోజులు మౌనం పాటించాడు. అప్పటి నుంచి ఆమె తన గోళ్లరంగు తెచ్చి, అతను ఎక్కడ ఆపితే అక్కడ ఒక చుక్క పెట్టేది. ఆరు నెలలు తిరిగేసరికి పెట్టె నిండా ఎర్రచుక్కలయ్యాయి. ఏ చుక్క ఏనాటిదో ఇద్దరికీ తెలియదు.

ఇలా నవ్వుకుంటూ ఉండగానే జ్యోతిరాణికి గొంతులో గడ్డ తేలింది. థైరాయిడ్ అన్నారు, హైదరాబాద్‌లో ఆపరేషన్ చేశారు. డాక్టరు తప్పేమీ లేదు. గడ్డ పోయి పోయి గొంతు నరానికి అతుక్కుని ఉందట. ప్రాణానికి భయం లేదన్నారు, గొంతు మాత్రం వస్తే ఏడాదిలో రావచ్చు, రాకపోనూ వచ్చు అన్నారు. మెలకువ వచ్చి నీళ్లు అడగబోతే ఆమె నోట్లోంచి వచ్చింది గాలి. ఆ గొంతుతో పదిహేనేళ్ల నుంచి పాడుతోంది, ఇరవై ఏళ్ల నుంచి ఎక్కాలు చెబుతోంది, దాన్ని ఏనాడూ ఒక వస్తువు అనుకోలేదు. పోయాక తెలిసింది.

గొంతు సాధన చేయించే డాక్టరమ్మ దగ్గరికి రెండుసార్లు వెళ్లింది. ఆ... అని పలకమంటే ఏడుపొచ్చింది. మూడోసారి వెళ్లలేదు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం ధైర్యం చేసి చర్చిలో మైకు అందుకుంది. రెండు లైన్లు ఎలాగో లాగింది. పై స్వరం దగ్గర గొంతు పగిలింది. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఆడవాళ్ల వరసలోంచి "అయ్యో, పాపం" అని ఒక మాట వినిపించింది. అన్నది ఎవరో ఆమెకు తెలుసు, ప్రేమతోనే అన్నదనీ తెలుసు. కానీ ఆ పాపం అన్న మాట ఆమె మోయలేకపోయింది. మైకు చంద్రకాంత్ చేతికిచ్చి వెనక బల్లలో కూర్చుంది. ఆ తర్వాత ప్రతి వారం చర్చికి పోయింది గానీ, నోరు విప్పలేదు. అందరూ పాడుతుంటే పెదవులు కదిపేది.

మార్చి రెండో శనివారం మధ్యాహ్నం యాకోబు ఆమె ఇంటికి వచ్చాడు, పెట్టె మోసుకుని. గొంతు ఎలా ఉంది అని అడుగుతాడేమో, ఓదారుస్తాడేమో అని ఆమె ముందే ముఖం ముడుచుకుంది. అతను గొంతు మాటే ఎత్తలేదు. పెట్టెను చూపించి, మిషన్ ఖరాబైంది అని ముఖం వేలాడేసుకున్నాడు. గిటారు ఒక్కటే మోగితే తప్పెక్కడుందో దొరకడం లేదట. మనిషి గొంతు పక్కనుంటే పోల్చి చూసుకోవచ్చట.

"పాట గాదక్కా, ఒక్క లైన్. మిషన్ సెట్ జేసుకునేటందుకు."

"నా గొంతు పోయింది యాకోబు. దెల్వదా నీకు?"

"ఎట్లున్న ఫికర్ లేదు. మిషన్‌కేం దెలుస్తది?"

నవ్వాలో తిట్టాలో ఆమెకు తోచలేదు. ఇంత కష్టంలో ఉన్న మనిషి దగ్గరికి వచ్చి పెట్టె గురించి ఏడ్చేవాడు భూమ్మీద ఇతనొక్కడే అనుకుంది. వదిలించుకుందామని ఒక లైన్ పాడింది. అది ఆమె అమ్మ రాహేలమ్మ పాట. రాహేలమ్మది దోమ అనే ఊరు. పడుచుతనంలో నాట్లు వేస్తూ పాడుకున్న బాణీకి తన మాటలు తానే కట్టుకుంది. "గట్టు మీద నిలబడి పిలిచినవా తండ్రీ" అని మొదలవుతుంది. ఆ తండ్రీ అన్నచోట బాణీ ఒక్కసారి పైకి లేస్తుంది, పొలం ఆ చివరి నుంచి ఈ చివరికి పిలిచినట్టు. జ్యోతిరాణి గొంతు సరిగ్గా అక్కడే పగిలింది. యాకోబు నాబ్ తిప్పాడు, తీగ మీటాడు, తల అడ్డంగా ఊపాడు. ఇంకా కాలేదన్నాడు. మళ్లీ పాడమన్నాడు.

అప్పటి నుంచి ప్రతి శనివారం అదే తంతు. ఒకసారి వోల్టేజీ తక్కువన్నాడు. ఒకసారి వాన తేమకు స్పీకరు మెత్తబడిందన్నాడు. ఒకసారి గోడ మీద బల్లి ఉన్నదని, అది పోయాక మొదలుపెడదామన్నాడు. గంటసేపు ఒక్క లైనే. కొన్నాళ్లకు ఒక్క లైన్‌తో తేలడం లేదని రెండో లైన్ అడిగాడు. ఎండాకాలం దాటేసరికి చరణం మొత్తం పాడితే గానీ మిషన్ తప్పు దొరకదన్నాడు. పాడుతున్నానని ఆమె ఎన్నడూ అనుకోలేదు. మిషన్ బాగుచేయిస్తున్నానని అనుకుంది. తన గొంతు ఎలా ఉందో వినే తీరిక కూడా అతను ఇవ్వలేదు, ఎంతసేపూ పెట్టె ఎలా ఉందన్నదే గొడవ. ఆమె పాడిన ప్రతిసారీ ఇది నీ తప్పు కాదక్కా, మిషన్‌దే, అనేవాడు. అదెలాగూ నిజమేగా అని ఆమె మరో గ్లాసు వేడినీళ్లు తాగి మళ్లీ అందుకునేది.

చర్చిలో యాకోబు పరువు పూర్తిగా పోయింది. అందుకు ముఖ్యమైన కృషి బాలప్పది. బాలప్ప చర్చి పెద్ద, డెబ్భై దాటిన మనిషి. హార్మోనియం తర్వాత పుట్టిన వాద్యాలేవీ దేవుడి ఆజ్ఞతో పుట్టలేదని ఆయన నమ్మకం. నెలల తరబడి ఒక డబ్బాను సరిచేయలేనివాడు వాయించి ఏం ఉద్ధరిస్తాడని అందరి ముందే అడిగాడు. చందాలు వేసి కొత్తది కొందామని కూడా ఒక ఆదివారం ప్రకటించాడు. యాకోబు లేచి నిలబడి, వద్దు కాకా, ఇంకొంచెంలో అయిపోతుంది, అన్నాడు. చర్చి అంతా నవ్వింది. జ్యోతిరాణి కూడా నవ్వింది. తర్వాత ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకు కష్టమనిపించేది.

సెప్టెంబరులో రాహేలమ్మకు గుండె నీరసించింది. ఆమె వికారాబాద్‌లో కొడుకు ప్రవీణ్ దగ్గర ఉండేది. ఆసుపత్రిలో ఆయాగా ముప్పై ఏళ్లు పనిచేసి, ఎందరి చివరి మాటలో విన్న మనిషి. తనవి ఎలా ఉండాలో ముందే ఆలోచించుకుంది. బిడ్డను మంచం దగ్గరికి పిలిచింది.

"నేను పోయినంక నా కూడికల నా పాట నువ్వే పాడాలె బిడ్డా. ఫోన్లకెల్లి పెట్టుడు గాదు."

జ్యోతిరాణి తల ఊపింది.

"తలకాయ ఊపుడు గాదు. నోటితోటి చెప్పు."

"పాడతనే."

గొంతు అక్కడ కూడా పగిలింది. రాహేలమ్మ వినీ విననట్టు కళ్లు మూసుకుంది. మూడు వారాలకు, అక్టోబరు మొదట్లో, పోయింది. జ్యోతిరాణికి ఆ రోజుల్లో అన్నిటికంటే బాధ పెట్టిన సంగతి ఒకటుంది. గుండెలవిసేలా ఏడవాలనుకుంటే కూడా గొంతు లేదు. చుట్టూ ఉన్నవాళ్లు రాగాలు తీసి ఏడుస్తుంటే సొంత బిడ్డ గాలి మింగుతూ కూర్చుంది. సమాధుల తోటకు యాకోబు వచ్చాడు. పెట్టె లేకుండా అతన్ని చూడటం ఆమెకు అదే మొదలు. కుర్చీలు మోశాడు, నీళ్లు పంచాడు, రైలెక్కి పోయాడు.

నలభయ్యో రోజు జ్ఞాపకార్థ కూడిక వికారాబాద్‌లో అన్నారు. జ్యోతిరాణికి నిద్ర పట్టడం మానేసింది. పాడకపోతే అమ్మకిచ్చిన మాట పోతుంది. పాడితే ఆ పై స్వరం దగ్గర మళ్లీ పాపం అంటారు, ఈసారి అమ్మ ఫోటో ముందు అంటారు. ఇరవై మందికి అన్నం వండమన్నా, వెయ్యి మందికి లెక్కలు చెప్పమన్నా చేస్తుంది. ఆ ఒక్క స్వరం మాత్రం కొండలా కనిపించింది. చివరికి యాకోబును రమ్మని కబురు చేసింది. మిషన్ బాగైనా కాకపోయినా తీసుకురా అంది.

తాండూరు స్టేషన్లో ప్యాసింజరు ఎక్కేటప్పుడు యాకోబు పెట్టెకు కిటికీ పక్క సీటిచ్చి, తాను నిలబడ్డాడు. సేడం వైపు నుంచి వస్తున్న ఒక ముసలామె దాని ఎర్రచుక్కలు చూసి, "ఏనప్పా ఇదు, దేవరా?" అని కన్నడంలో అడిగింది. దేవుడు కాదమ్మా, గిటారు డబ్బా అని చంద్రకాంత్ చెప్పాడు. ఇంత మంది ఎక్కే బండిలో దేవుడు కానిదానికి సీటెందుకని ఆమె దాన్ని కిందికి దింపించి కూర్చుంది. మిగతా దారంతా యాకోబు దాన్ని ఒళ్లో పెట్టుకుని, కుదుపు వచ్చినప్పుడల్లా పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. జ్యోతిరాణి కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

ప్రవీణ్ ఇంటి ముందు షామియానా వేశారు. జనం ఇంకా పూర్తిగా రాలేదు. యాకోబు బల్ల కింద దూరి ప్లగ్గు కోసం వెతుకుతున్నాడు. రెండు చేతుల్లో వైర్లు, నోట్లో ఒక వైరు. ఆ పెట్టె సెట్టింగులన్నీ ఫోన్‌లో కూడా దాచుకోవచ్చు, ఫోన్‌లో ఒత్తితే పెట్టె దానంతటదే సర్దుకుంటుంది. బల్ల మీదున్న తన ఫోన్ తీసుకొమ్మని జ్యోతిరాణికి సైగ చేసి, నోట్లో వైరుతోనే, అక్కా, జర అన్నిటికంటె కిందున్నది ఒత్తు, అన్నాడు.

ఆమె చూసింది. ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక జాబితా. అక్క, మార్చి తొమ్మిది, గెయిన్ ఏడున్నర. అక్క, మార్చి పదహారు, ఏడున్నర. అక్క, మార్చి ఇరవై మూడు, ఏడు. వేలితో పైకి జరుపుతూ పోయింది. ఏప్రిల్లో ఆరు. జూన్‌లో అయిదున్నర. ఆగస్టు చివరికి నాలుగూ ముప్పావు. సెప్టెంబరు పధ్నాలుగున ఒక్కసారి ఆరూ ముప్పావుకు ఎగిరింది. అది అమ్మను ఆసుపత్రిలో చేర్చిన వారం. ఆ శనివారం పాడను అంటే బతిమాలి ఒక్క లైన్ పాడించుకున్నాడు. మళ్లీ మెల్లగా దిగుతూ వచ్చింది. అక్టోబరు మొదటి మూడు శనివారాలు ఏమీ లేవు. చివరిది మొన్నటిది, నాలుగు. మొత్తం ముప్పై మూడు.

లెక్కల టీచరుకు అంకెలను ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ గెయిన్ అంటే ఏమిటో ఎనిమిది నెలలుగా చెవులు చిల్లులు పడేలా విన్నది. అవి పెట్టె అంకెలు కావు. తన గొంతు ఏ వారం ఎంత పగిలి ఉందో, ఎంత అతుక్కుందో, ఆ అంకెలు.

"మిషన్ ఖరాబైందంటివి గదా?" అంది.

బల్ల కింద కదలిక ఆగిపోయింది. యాకోబు నోట్లోని వైరు తీశాడు.

"మిషన్ ఎన్నడు ఖరాబ్ గాలేదక్కా."

ఆమెకు మొదట వచ్చింది కోపం. కట్టు విప్పి పుండు చూసినవాడి మీద వచ్చే కోపం. నా పగులు కొలుచుకుంటూ కూర్చున్నావా అనబోయింది. అంతలో అతను బల్ల కిందనుంచి బయటికి వచ్చాడు, జుట్టు నిండా దుమ్ము, చేతిలో వైర్ల చిక్కు. ముఖం దొంగతనం దొరికినవాడిలా ఉంది.

"చెప్తే నువ్వు పాడకపోతుంటివి," అన్నాడు. "పగిలిన బండ ఒక్కటుంటే అందరి కండ్లు దానిమీదనే పడ్తయ్ అక్కా. పక్కకు గసొంటిదే ఇంకోటి పరిస్తే డిజైన్ అంటరు. నీకు ఎంతుందో నాకు గూడ గంతనే ఉండాలె. ఎక్కువైతే దొరుకుత. తక్కువైతే నువ్వు దొరుకుతవ్. గందుకే వారం వారం మార్చిన."

"ఊరంత నిన్ను జూసి నవ్విరి గద యాకోబు."

"ముందుగాల నుంచి నవ్వుతనే ఉండ్రి గదక్కా. కొత్తగ ఏం నవ్విరి?"

ఆమె ఫోన్ అతని చేతికిచ్చేసి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటలవైపు వెళ్లిపోయింది. అక్కడ నిలబడి ఏడ్చింది. నలభై రోజుల్లో గొంతు దాటి బయటికి వచ్చిన ఏడుపు అదే. వంటవాళ్లు ఉల్లిగడ్డల వల్ల అనుకున్నారు.

కూడిక మొదలైంది. తాండూరు నుంచి బాలప్ప, మరో పదిమంది వచ్చారు. దోమ నుంచి రాహేలమ్మ తరఫువాళ్లు వచ్చారు. ప్రార్థన అయ్యాక పాస్టరుగారు జ్యోతిరాణి వైపు చూశారు. ఆమె లేచి మైకు అందుకుంది. ఎదురుగా బల్ల మీద అమ్మ ఫోటో, ఆయా డ్రెస్సులో, ఎవరో వార్డు ముందు తీసినది. నోరు తెరిచింది. ఏమీ రాలేదు. గొంతు కాదు, దుఃఖం అడ్డంపడింది. జనంలో ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం కనిపించింది. ఆ పాపం అన్న మాట ఇప్పుడో ఇంకాసేపటికో ఎవరి నోటనో వచ్చేస్తుంది.

"జర ఆగుండ్రి," అన్నాడు యాకోబు.

అందరి తలలూ అటు తిరిగాయి. అతను పెట్టె మీదికి వంగి ఒక నాబ్ తిప్పాడు, తీగ మీటాడు, తల అడ్డంగా ఊపాడు. ఇంకో నాబ్ తిప్పాడు. వైరు పీకి మళ్లీ పెట్టాడు. బాలప్ప నిట్టూర్పు నాలుగు వరసల దాకా వినిపించింది. దోమ నుంచి వచ్చిన ఒక పెద్దాయన, చావింట కూడానా, అని గొణిగాడు. పాస్టరుగారు బైబిల్ మూసి మళ్లీ తెరిచారు. జ్యోతిరాణి వైపు చూస్తున్నవాడు ఒక్కడూ లేడు. ఆమె కళ్లు తుడుచుకుంది, నీళ్లు తాగింది, నిదానంగా ఊపిరి తీసుకుంది. అయిందన్నట్టు అతనివైపు చిన్నగా తల ఊపింది. ఆ క్షణానికి యాకోబు సెట్టింగ్ కూడా అయిపోయింది.

పాట మొదలైంది. గొంతు పాత గొంతు కాదు. కొంచెం కిందికి దిగింది, అంచున జీర ఉంది. మెల్లగా ఉన్నచోట తేటగా ఉంది, గిటారు కూడా తేటగా దాని పక్కనే నడిచింది. పిలిచినవా అన్న మాట దాటి తండ్రీ దగ్గరికి వచ్చేసరికి యాకోబు తీగను గట్టిగా మీటాడు. ఆమె గొంతు పగిలింది. గిటారు కూడా పగిలింది, సరిగ్గా అంతే, సరిగ్గా అక్కడే. రెండూ కలిసి పైకి లేచి, గట్టు అవతల ఉన్న ఎవరినో పిలిచినట్టు కాసేపు నిలిచి, దిగాయి. ఆమె ఆగలేదు. మూడు చరణాలూ పాడింది, ఆ పై స్వరం మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ అలాగే పగిలింది. దోమవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. పాపం అని ఒక్కరూ అనలేదు. రాహేలమ్మ పాట రాహేలమ్మకు అందింది.

భోజనాల దగ్గర బాలప్ప యాకోబును పట్టుకున్నాడు. పిల్ల ఎంత బాగా పాడిందయ్యా, అన్నాడు. అంత చక్కటి పాటలో సరిగ్గా పైకి పోయేచోట నీ డబ్బా గీరుకుపోయింది, ఒకసారి కాదు, మూడుసార్లు, అన్నాడు. చచ్చిపోయిన మనిషి ముందన్నా సిగ్గుండాలన్నాడు. యాకోబు చేతులు కట్టుకుని నిలబడి, అవును కాకా, ఇంకొంచెం సెట్ చేయాలె, అన్నాడు. జ్యోతిరాణి వడ్డించే గంటె పక్కనపెట్టి దగ్గరికి వచ్చింది. పదిమంది వింటున్నారు. ఫిబ్రవరి నుంచి ఎవరికీ వినిపించకూడదని దాచుకున్న సంగతి ఇంత తేలిగ్గా నోటికి వస్తుందని ఆమె అనుకోలేదు.

"కాకా, పగిలింది గిటార్ గాదు. నా గొంతు."

బాలప్ప ఆమెను ఎగాదిగా చూశాడు. ముసలాయన ముఖం కరిగిపోయింది.

"ఊకో బిడ్డా," అన్నాడు. "నీది మీ అమ్మ గుణమే. తప్పు జేసినోన్ని ఎనకేసుకొస్తవ్. నాకు చెవులు లెవ్వా?"

నిజం కాకా, నా గొంతే, అని ఆమె ఇంకోసారి చెప్పింది. పక్కనున్నవాళ్లు కూడా నమ్మలేదు. ఎంత మంచి మనసో అనుకున్నారు. యాకోబు బుద్ధిగా తల వంచుకుని చివాట్లన్నీ తింటున్నాడు, మధ్యమధ్య అవును కాకా అంటున్నాడు. మూడోసారి చెప్పబోయిన జ్యోతిరాణికి నవ్వొచ్చింది. అమ్మ పోయాక అదే మొదటిసారి నవ్వడం. ఆ నవ్వులో కూడా చివర ఒక జీర ఉంది. ఆమె నవ్వడం మొదట చూసినవాడు బాలప్పే. తాను చెప్పిందే నిజమని ఆమె ఒప్పుకున్నట్టు లెక్కేసుకుని, తృప్తిగా రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.